ఇంటి కొబ్బరిచెట్టుకు పట్టే పురుగులు, తెగుళ్ళు: గుర్తించడం ఎలా, ఏం చేయాలి

"మా కొబ్బరి ఆకుల మీద మసి పట్టింది, చెట్టు కింద నిలిపిన కారంతా జిగురు అవుతోంది, ఏ మందు కొట్టించాలి?" అని చెన్నైలో ఆవడి, అంబత్తూరు, మాధవరం, తాంబరం వైపు సొంత ఇళ్ళున్న తెలుగువారు తరచూ అడుగుతుంటారు. దీనికి జవాబు చిన్నదే: మందు దాదాపు అక్కర్లేదు. అదే చెట్టు మొవ్వులోంచి వస్తున్న కొత్త మట్టలు తెగిపోయి ఉన్నాయనీ, కాండం మొదట్లో ఎర్రటి రసం కారుతోందనీ అడిగేవారు మాత్రం చాలా అరుదు. చెట్టును నిజంగా చంపేవి అలాంటివే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా చెన్నై ఇళ్ళలో ఉండే ఒకటి రెండు చెట్లను దృష్టిలో పెట్టుకుని, చెట్టు ప్రాణం తీయగలవాటిని ముందు, తీయనివాటిని తరువాత చెప్పడం జరిగింది. తోటల పెంపకానికి ఈ లెక్కలు కొన్ని వర్తించవు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- దూరం నుంచి ఫొటో తీయగల ఫోను లేదా బైనాక్యులర్, చిన్న భూతద్దం
- సుద్దముక్క లేదా ఆయిల్ పెయింటు, రంగు దారం
- కొస వంచిన సన్నని ఇనుప ఊచ
- వేపపిండి, సన్న ఇసుక
- మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), పొడి సున్నం కాకుండా రాతిసున్నం, మూడు ప్లాస్టిక్ బకెట్లు
- ఉలి, గరాటు, తడి బంకమట్టి
- రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు

వీటన్నిటికంటే ముఖ్యంగా, అనుభవం ఉన్న చెట్టెక్కే మనిషి కావాలి. కాయలు దింపడానికి వచ్చినప్పుడే మొవ్వు కూడా చూడమని చెబితే అదనంగా కొంత అడుగుతారు, ఇవ్వండి. మీరు స్వయంగా ఎక్కే ప్రయత్నం చేయవద్దు. చెట్టుకు దగ్గరలో కరెంటు తీగలు ఉంటే సరఫరా ఆపించకుండా ఎవరినీ ఎక్కనివ్వవద్దు. ఇనుప ఊచ చేతిలో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.

1. లక్షణం ఎక్కడుందో చూడండి, మందు గురించి తరువాత ఆలోచించండి

ఉదయపు వెలుతురులో చెట్టు చుట్టూ తిరుగుతూ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. వాటిని పెద్దవి చేసి మొవ్వు, నడిమి మట్టలు, కింది మట్టలు, కాయలు, కాండం, కాండం మొదలు అనే వరుసలో చూడండి. అన్నిటికంటే కింద ఉన్న మట్ట ఒకటి పసుపుబారి ఎండిపోతే అది జబ్బు కాదు. కొబ్బరి సుమారుగా నెలకొక కొత్త మట్ట వేస్తుంది, ఆ లెక్కన ముదురు మట్ట ఒకటి రాలుతుంది. కింది వరుసలో చాలా మట్టలు ఒకేసారి వాలిపోతేనే అనుమానించాలి.

కొత్త ఆకుల కొసలు ముడుచుకుపోయి, కొక్కెంలా వంగి, విడిపోకుండా అతుక్కుని వస్తుంటే అది పురుగు పని కాకపోవచ్చు. బోరాన్ లోపం ఇలాగే కనిపిస్తుంది. ఆకులో కోత ఉందా, ముడత మాత్రమే ఉందా అన్నది చూస్తే తేడా తెలిసిపోతుంది. ముడత మాత్రమే ఉంటే పెద్ద చెట్టుకు 50 గ్రాముల బోరాక్సు పాదులో వేసి నీరు పెడితే చాలు. ఎక్కువ వేస్తే త్వరగా బాగవుతుందని రెట్టింపు వేయవద్దు, బోరాన్ మోతాదు మించితే ఆకులు మాడతాయి.

2. విచ్చుకున్న మట్టల్లో త్రిభుజాకారపు గండ్లు ఉంటే: కొమ్ము పురుగు

నల్లగా, బొటనవేలంత పొడవు, తల మీద కొమ్ముతో ఉండే ఈ పెంకుపురుగు రాత్రిపూట వచ్చి విచ్చుకోని మొవ్వును తొలుస్తుంది. ముడిచి ఉన్న ఆకును అడ్డంగా కొరికినందువల్ల అది విచ్చుకున్నాక రెండు వైపులా ఒకే తీరున, కత్తెర పట్టి కోసినట్టు గండ్లు కనిపిస్తాయి. మట్టల మొదళ్ళ మధ్య రంధ్రం, దాని నోటి దగ్గర నమిలిన పీచు ఉంటే పురుగు ఇంకా లోపల ఉండే అవకాశం ఉంది.

ఊచను రంధ్రంలోకి నెమ్మదిగా పోనిచ్చి పురుగును గుచ్చి బయటికి లాగించండి. మొవ్వు లేత భాగానికి ఊచ తగలకుండా చూసుకోవాలి; తొందరలో పొడిస్తే పురుగు చేసిన గాయం కంటే మనిషి చేసిన గాయం పెద్దదవుతుంది. ఆ తరువాత 250 గ్రాముల వేపపిండి, 250 గ్రాముల సన్న ఇసుక కలిపి, పైనున్న రెండు మూడు మట్టల మొదళ్ళ సందుల్లో పోయించండి. ఏడాదికి మూడుసార్లు, అంటే వేసవి చివర, సెప్టెంబరులో, డిసెంబరులో ఇలా చేయాలి. ఇంకా చేతికందే ఎత్తులో ఉన్న లేత చెట్లకైతే నాలుగు కలరా ఉండలను లోపలి మూడు మట్టల సందుల్లో పెట్టి ఇసుకతో కప్పినా సరిపోతుంది, కాని 45 రోజులకొకసారి మార్చాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, చెట్టు మీదికి మందు కొట్టించి, చెట్టు పక్కనే ఉన్న ఎరువు గుంటను అలాగే వదిలేయడం. ఈ పురుగు గుడ్లు పెట్టేది చెట్టులో కాదు. పేడ, చెత్త కుళ్ళిన గుంట, నరికి పడేసిన కొబ్బరి దుంగ, కుళ్ళిన మోడు దీని పుట్టిళ్ళు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫానుకు నగరంలో వేలాది చెట్లు కూలినప్పుడు చాలా ఖాళీ స్థలాల్లో దుంగలు అలాగే ఉండిపోయాయి; అలాంటి దుంగ మీ వీధిలో ఒక్కటున్నా మీ మందు ఖర్చు వృథాయే. గుంటను రెండు మూడు నెలలకొకసారి తిరగేసి, తెల్లగా లావుగా వంకర తిరిగి ఉండే పిల్లపురుగులను ఏరించండి. మెటారైజియం అనే శిలీంద్రపు పొడి జీవ ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని నీటిలో కలిపి గుంటలో చల్లితే పిల్లపురుగులు జబ్బుపడి చనిపోతాయి. మేడ మీద కంపోస్టు చేసుకునేవారు డబ్బాకు సన్నని వల మూత పెట్టుకుంటే చాలు.

పెద్ద పురుగులను పట్టడానికి మరో తేలిక మార్గం కూడా ఉంది. కిలో ఆముదపు పిండికి 5 లీటర్ల నీరు చొప్పున, ఇంటికి కావలసినంత మట్టికుండలో నానబెట్టి చెట్టుకు కాస్త దూరంగా పెడితే ఆ వాసనకు పురుగులు వచ్చి అందులో పడతాయి. కంపు భరించగలిగితేనే ఈ పద్ధతి. పక్కింటివారి కిటికీ కింద పెట్టవద్దు.

3. కాండానికి రంధ్రం ఉండి, గోధుమరంగు రసం, నమిలిన పీచు వస్తుంటే: ఎర్రముక్కు పురుగు

ఇది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే పైకి తెలిసే సమయానికి లోపల చాలా భాగం తినేసి ఉంటుంది. 5 నుంచి 20 ఏళ్ళ వయసు చెట్లకు ఎక్కువగా పడుతుంది. ఇటుకరంగులో పొడవాటి ముక్కుతో ఉండే తల్లిపురుగు చెట్టు మీద ఎక్కడ గాయం ఉంటే అక్కడ గుడ్లు పెడుతుంది. కొమ్ము పురుగు చేసిన రంధ్రమూ గాయమే, పెళ్ళి పందిరికని కాండానికి ఆనించి నరికిన పచ్చిమట్ట మొదలూ గాయమే, సీరియల్ బల్బుల కోసం కొట్టిన మేకూ గాయమే. చెట్టెక్కేవారు కాలు పెట్టడానికి కాండం మీద గాట్లు చెక్కే అలవాటును గట్టిగా కాదనండి. పచ్చిమట్ట కోయక తప్పనప్పుడు కాండం నుంచి 120 సెంటీమీటర్ల, అంటే నాలుగడుగుల, తొడిమ వదిలి కోయించండి. చూడటానికి బాగుండదని చాలామంది ఒప్పుకోరు. అందం కోసం నున్నగా కోయించిన చెట్లే ఎక్కువగా పోతుంటాయి.

సందేహం ఉంటే రాత్రి వీధి సద్దుమణిగాక కాండానికి చెవి ఆనించి వినండి. లోపల పిల్లపురుగులు కొరుకుతుంటే పరపరమనే శబ్దం వినిపిస్తుంది. నడిమి మట్టలు పసుపుబారి వాడటం మొదలైందంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

వైద్యం ఇలా చేయాలి. ముందుగా పక్వానికొచ్చిన కాయలన్నీ దింపించండి. తరువాత కాండం మీది రంధ్రాలన్నిటినీ వెతికి, అన్నిటికంటే పైదాన్ని వదిలి మిగిలినవాటిని బంకమట్టితో లేదా సిమెంటుతో మూసేయండి. లీటరు నీటికి 1 మిల్లీలీటరు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అనే ద్రవ పురుగుమందు కలిపి, గరాటు పెట్టి పై రంధ్రంలోంచి నెమ్మదిగా లోపలికి పోసి, ఆ రంధ్రాన్ని కూడా మూసేయండి. వారం తరువాత మళ్ళీ శబ్దం వినిపించినా, కొత్త పీచు కనిపించినా ఇంకొకసారి పోయాలి. మందు పోసిన నాటి నుంచి కనీసం 45 రోజుల వరకు ఆ చెట్టు బొండాలు గాని, కాయలు గాని తినవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. చెట్టు పక్కనే సంపు ఉంటే మూత బిగించి, అంచుల మీద గోనె కప్పిన తరువాతే మందు మూత తీయండి. ఈ మందును పైనుంచి పువ్వు మీద కొట్టించడం పెద్ద తప్పు. తేనెటీగలు చనిపోతాయి, పురుగు మాత్రం లోపల క్షేమంగా ఉంటుంది.

కొందరు వేరుకు ప్లాస్టిక్ సంచి కట్టి అందులో మోనోక్రోటోఫాస్ పోయమని సలహా ఇస్తారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. అది కొద్ది మోతాదులోనే మనిషి ప్రాణం తీయగల మందు, కూరగాయల మీద దాని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అటువంటిదాన్ని బొండం తాగే చెట్టుకు ఎక్కించడంలో అర్థం లేదు.

4. రంధ్రం లేకుండా రసం కారుతుంటే

రసం కారిన ప్రతిచోటా ఎర్రముక్కు పురుగే అనుకోవద్దు. పీచు గాని రంధ్రం గాని లేకుండా, కాండం మీద అక్కడక్కడా పగుళ్ళలోంచి తుప్పురంగు రసం కారి నల్లగా ఎండిపోతుంటే అది కాండం రసం కారు తెగులు. మచ్చ ఉన్నంత మేర కుళ్ళిన బెరడును ఉలితో చెక్కేసి, ఆరోగ్యంగా ఉన్న కణజాలం కనిపించాక ఆగి, అక్కడ మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయండి (తయారీ 5వ భాగంలో ఉంది). చెక్కిన ముక్కలను చెట్టు మొదట్లో పారేయకుండా కాల్చేయండి.

రసం నేలకు దగ్గరగా మొదలై పైకి పాకుతూ, అదే సమయంలో కింది మట్టలన్నీ పసుపుబారి కాండం చుట్టూ వాలిపోతుంటే అది గానోడెర్మా తెగులు. తమిళనాడులో తంజావూరు ఎండు తెగులు అని పిలిచేది దీన్నే. 1952 తుఫాను తరువాత ఆ జిల్లాలో దీన్ని గుర్తించారు. చెట్టు మొదట్లో గోధుమరంగు పుట్టగొడుగు బిళ్ళలా అంటుకుని కనిపించిందంటే సందేహమే లేదు, ఆ దశలో చెట్టు బతకడం కష్టం. తొలిదశలో పట్టుకుంటే మాత్రం ఆపవచ్చు. కాండం చుట్టూ ఒకటిన్నర మీటరు మేర 1 శాతం బోర్డో మిశ్రమం 40 లీటర్లతో నేలను తడపాలి, ఏటా 5 కిలోల వేపపిండి పాదులో వేయాలి. ట్రైకోడెర్మా వాడదలచుకుంటే బోర్డోతో కలిపి వేయవద్దు, రాగి ఆ మేలు చేసే శిలీంద్రాన్ని కూడా చంపుతుంది. మధ్యలో కనీసం నెల ఎడం ఉండాలి. తాగునీటి బావి గాని సంపు గాని ఆ ఒకటిన్నర మీటరులోపలే ఉంటే నేలను తడిపే పని మానుకుని వేపపిండి, ట్రైకోడెర్మాతోనే సరిపెట్టుకోండి. జబ్బు చెట్టు పాదు నీరు మంచి చెట్టు పాదులోకి పారకుండా చిన్న కాలువ తవ్వించడం మరవవద్దు.

నగరంలో ఇంకొక ఇబ్బంది ఉంది. కాండం అంచు వరకు సిమెంటు గచ్చు చేయించడం వల్ల మొదలు ఎప్పుడూ కనిపించదు, నీరు, ఎరువు వేయడానికి చోటుండదు. కనీసం రెండడుగుల మేర గచ్చు పగలగొట్టించండి.

5. వానల్లో మొవ్వు కుళ్ళితే

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెన్నైలో ముసురు పట్టే రోజుల్లో లేత చెట్లకు మొవ్వుకుళ్ళు వస్తుంది. నడిమి ఈటె ఆకు రంగు తగ్గి, పట్టి లాగితే చేతికి ఊడివస్తుంది, మొదట్లో దుర్వాసన ఉంటుంది. కుళ్ళిన భాగాన్నంతా శుభ్రమైన కత్తితో తీసేయించి, బోర్డో పేస్టు పూయించి, కొత్త మొలక వచ్చే వరకు వాననీరు దిగకుండా పాలిథీన్ కాగితం వదులుగా కప్పించండి. బిగించి కడితే లోపల ఉక్కకు మళ్ళీ కుళ్ళుతుంది.

బోర్డో పేస్టు తయారీలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి పద్ధతి వివరంగా:

- ఒక ప్లాస్టిక్ పాత్రలో అర లీటరు నీటిలో 100 గ్రాముల మైలుతుత్తం పూర్తిగా కరిగించండి.
- మరో పాత్రలో 100 గ్రాముల రాతిసున్నాన్ని అర లీటరు నీటితో కొద్దికొద్దిగా విరిచి, చల్లారాక వడకట్టండి. సున్నం విరిగేటప్పుడు మరిగి చిందుతుంది, ముఖం దూరంగా ఉంచండి.
- రెండింటినీ మూడో ప్లాస్టిక్ పాత్రలోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపండి. ఇనుప, ఇత్తడి, రాగి పాత్రలు వాడకూడదు.
- శుభ్రమైన ఇనుప మేకును నిమిషంసేపు ముంచి తీయండి. దాని మీద రాగిరంగు పూత కనిపిస్తే సున్నం తక్కువైనట్టు. ఇంకొంచెం సున్నపు నీరు పోసి మళ్ళీ పరీక్షించండి. ఈ పరీక్ష చేయకుండా పూస్తే లేత కణజాలం మాడిపోతుంది.
- ఆ రోజు కలిపినది ఆ రోజే వాడేయాలి.

నేలను తడపడానికి పనికొచ్చే 1 శాతం మిశ్రమానికి 40 లీటర్లకు మైలుతుత్తం 400 గ్రాములు, రాతిసున్నం 400 గ్రాములు లెక్క.

6. మసి, జిగురు, తెల్లటి పొడి: సర్పిలాకార తెల్లదోమ

ఇప్పుడు అందరూ అడిగే సంగతికి వద్దాం. ఈ తెల్లదోమ మనదేశంలో మొదటిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించింది. ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి మైనపు పొడితో కప్పుతుంది. ఇది రసం పీల్చి విడిచే జిగురు కింది ఆకుల పైభాగాన పడుతుంది, ఆ జిగురు మీద నల్లటి బూజు పెరుగుతుంది. మసి కాదది, బూజు. చెట్టు బలం కొంత తగ్గుతుందే గాని చెట్టు చనిపోదు.

మందు కొట్టించవద్దని చెప్పడానికి గట్టి కారణం ఉంది. ఎన్‌కార్సియా అనే చీమకంటే చిన్న కందిరీగ ఈ తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. పురుగుమందు ముందుగా చంపేది ఆ కందిరీగనే, ఆ తరువాత తెల్లదోమ మునుపటికంటే ఎక్కువగా తిరిగి వస్తుంది. కాబట్టి కోసిన ఆకు ముక్కను భూతద్దంతో చూడండి. పిల్లపురుగులు కొన్ని నల్లబడి, వాటి మీద గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే కందిరీగ పని చేస్తోందని అర్థం, మీరు చేయవలసింది ఓపిక పట్టడమే. అలాంటివి ఎక్కడా లేకపోతే కందిరీగలు ఉన్న వేరే చెట్టు ఆకు ముక్కలను తెచ్చి మీ చెట్టు మట్టలకు గుచ్చవచ్చు.

అందనంత ఎత్తు లేకపోతే ఆకు అడుగున నీటిని గట్టిగా చిమ్మితే చాలా భాగం రాలిపోతుంది. పసుపురంగు పాలిథీన్ కాగితానికి ఆముదం పూసి కాండానికి కట్టినా పెద్ద దోమలు అంటుకుంటాయి. నల్లటి బూజు వదలడానికి లీటరుకు 10 గ్రాముల మైదా లేదా బియ్యప్పిండి కాచిన పల్చటి గంజి చల్లి ఎండనివ్వండి, పొరలుగా ఊడిపోతుంది. ఉధృతి మరీ ఎక్కువైతేనే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లించండి. కారును మాత్రం వేరే చోట నిలుపుకోండి.

వేసవిలో కింది మట్టలు కాల్చినట్టు ఎండి, ఆకు అడుగున పట్టులాంటి దారాలు, పురుగు రెట్టతో చేసిన సొరంగాలు ఉంటే అది నల్లతల గొంగళిపురుగు. ఆ మట్టలను కోయించి వెంటనే తగలబెట్టండి, ఒకటి రెండు చెట్లకు అంతకుమించి అవసరం రాదు.

7. కాయ మీద గరుకు మచ్చలు: ఇరియోఫిడ్ నల్లి

ముచ్చిక కింద తెల్లటి త్రిభుజాకారపు మచ్చగా మొదలై, కాయ పెరిగేకొద్దీ గోధుమరంగు పగుళ్ళుగా మారుతుంది. మనదేశంలో 1998లో కేరళలో బయటపడిన ఈ నల్లి కంటికి కనిపించదు. కాయ చిన్నదవుతుంది, పీచు ఒలవడం కష్టమవుతుంది, కాని లోపలి కొబ్బరి నిక్షేపంగా తినవచ్చు. పూజకు పనికిరాదని పారేసేవారున్నారు. కనీసం వంటకు వాడుకోండి. తగ్గించాలనుకుంటే లీటరు నీటికి వేపనూనె 20 మిల్లీలీటర్లు, నూరి వడకట్టిన వెల్లుల్లి 20 గ్రాములు, సబ్బు 5 గ్రాములు కలిపి లేత గెలల మీద పడేలా కొట్టించాలి. పాత మచ్చలు పోవు, కొత్త గెలలే శుభ్రంగా రావాలి.

8. పనిచేసిందో లేదో తెలుసుకోవడం

కొమ్ము పురుగు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఈ రోజు విచ్చుకున్న ఆకులోని గండి కొన్ని నెలల క్రితం మొవ్వులో ఉన్నప్పుడు పడింది. వైద్యం చేసిన రోజున అన్నిటికంటే కొత్తగా విచ్చుకున్న మట్టకు రంగు దారం కట్టించండి. దాని పైన వచ్చే తొలి నాలుగైదు మట్టల్లో కోతలున్నా నిరాశపడవద్దు, ఆ తరువాతివి కూడా తెగి వస్తుంటేనే పురుగు తిరిగి వచ్చినట్టు.

రసం కారే మచ్చలకైతే తడి అంచు చుట్టూ పెయింటుతో గీత గీసి తేదీ రాయండి. నెల తరువాత తడి గీత దాటితే వైద్యం సరిపోలేదు. గీతలోపలే ఎండిపోతే ఆగినట్టు. కోకోనట్ టానిక్ వేసినందువల్ల తగ్గిందని కొందరు అనుకుంటారు. అది పోషకాలనిచ్చే ద్రవం మాత్రమే, పురుగునూ తెగులునూ అది ఏమీ చేయదు.

మొవ్వు మొత్తం వాలిపోయిన చెట్టు తిరిగి చిగురించదు, కొబ్బరికి పెరిగే మొన ఒక్కటే. అటువంటి చెట్టును వెంటనే కొట్టించి, కాండాన్ని చీల్చి, లోపలి పిల్లపురుగులను చంపి తరలించాలి. దుంగను గోడ పక్కన పడేయకూడదు. గానోడెర్మాతో పోయిన చెట్టయితే మోడును వేళ్ళతో సహా తవ్వించి, గుంతలో వేపపిండి, ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు నింపి, కొత్త కొబ్బరిమొక్కను ఆ గుంతలో కాకుండా వీలైనంత దూరంగా నాటండి. సందేహం మిగిలితే కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోను చేసి, పైన చెప్పిన వరుసలో లక్షణం ఎక్కడుందో చెప్పండి.